పక్క కుర్చీలో మనిషి: తరగతి సహాయకుల శిక్షణ, ఎదుగుదల

(కర్నూలులో అంగన్‌వాడీ ఆయాలు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల సహాయకులు, ప్రైవేటు బడుల అసిస్టెంటు టీచర్లు, ఉపాధ్యాయులు, బడుల యాజమాన్యాల వారు కలిసి కూర్చున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక విన్నపం. ముందు వరుసల్లో హెడ్మాస్టర్లు, కరస్పాండెంట్లు, టీచర్లు కూర్చున్నారు. ఆయమ్మలు, అసిస్టెంటు టీచర్లు గోడ వారగా వెనుక కుర్చీల్లో కూర్చున్నారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పి ఉండరు, అలవాటు కొద్దీ కూర్చున్నారు. ఈ రోజు మాట్లాడుకోబోయేది మీ గురించే కాబట్టి, అక్కలారా, దయచేసి ముందుకు రండి. మీ బడి టీచరు ఎక్కడున్నారో చూసుకుని ఆమె పక్క కుర్చీలో కూర్చోండి. నేను చెప్పదలచుకున్నదంతా ఆ పక్క కుర్చీ గురించే. తొందరేమీ లేదు, అందరూ కూర్చున్నాకే మాట్లాడతాను.

మంచిది. ఇప్పుడు ఒక ప్రశ్న. బడిలో మిమ్మల్ని ఏమని పిలుస్తారు? అంగన్‌వాడీలో ఆయా అంటారు. ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ గదిలో ఉండే ఆమెను ఆయమ్మ అంటారు, డిగ్రీ చదివి ఉంటే అసిస్టెంటు మేడం అంటారు. ఒకప్పుడు విద్యా వాలంటీరు అనేవారు. పిల్లలు మాత్రం అందరినీ అక్కా అనో అమ్మా అనో పిలుస్తారు. పేర్లు ఎన్ని ఉన్నా పని ఒక్కటే: ముప్పై మంది పిల్లల ముందు నిలబడిన ఒక్క టీచరు చూపు అందని చోట, ఆ పిల్ల పక్కన కూర్చుని పాఠం ఆమెకు అందేలా చూడడం. మరి ఆ పని మీకు ఎవరు నేర్పారు? ఎక్కడ నేర్పారు? ఎన్ని రోజులు నేర్పారు? చేతులెత్తమని అడగను, జవాబు ఇక్కడున్న అందరికీ తెలుసు.

నేనూ ఆ గోడ వార కుర్చీలోంచి వచ్చినదాన్నే. తొంభైల చివర, డీపెప్ అని మనమంతా పిలుచుకున్న జిల్లా ప్రాథమిక విద్యా పథకం నడుస్తున్న రోజులు. మన రాష్ట్రంలో ఆ పథకం మొదట తీసుకున్న ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. బడికి వచ్చే పిల్లలు పెరిగారు, టీచర్లు చాలలేదు. ఇంటర్ పాసై ఇంట్లో ఉన్న నన్ను విద్యా వాలంటీరుగా పెట్టుకున్నారు. నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. మొదటి రోజు నాకు దొరికిన శిక్షణ ఒక్క వాక్యం: "వెనుక వరుస పిల్లలను కదలకుండా చూసుకోమ్మా." ఆ మాట అన్నవారి మీద నాకు కోపం లేదు. ఆయనకు మూడు తరగతులు, ఒక్క గది. అంతకు మించి చెప్పే తీరిక ఆయనకు ఎక్కడుంది?

ఆ వెనుక వరుసలో రెండో తరగతి పిల్లవాడు ఒకడుండేవాడు. బలపం నిలబడేది కాదు వాడి వేళ్లలో. నేను వాడి వెనుక కూర్చుని, వాడి చేతి మీద నా చేయి వేసి, రోజూ అక్షరాలు దిద్దించాను. మూడు నెలలు తిరిగేసరికి పలక నిండా గుండ్రటి అక్షరాలు. వచ్చిన అధికారులకు ఆ పలక చూపించాము, వాళ్ల అమ్మకు చూపించాము. అంతలో నాకు జ్వరం వచ్చి వారం రోజులు బడికి పోలేదు. తిరిగి వెళ్లిన రోజు చూస్తే వాడి పలక ఖాళీగా ఉంది. ఏమి రా, ఏమీ రాయలేదే అంటే, "అక్క చెయ్యి పెట్టకుంటే రాదు" అన్నాడు. మూడు నెలలూ రాసినది వాడు కాదు, నేను. ఆ పిల్లవాడిని నేను మోసం చేశాను, ఎంతో ప్రేమగా మోసం చేశాను.

ఇది నా ఒక్కదాని చేతగానితనం అని చాలా ఏళ్లు అనుకున్నాను. తర్వాత టీచరునయ్యాక, పుస్తకాలు చదివే అవకాశం వచ్చాక తెలిసింది, ఇదే సంగతిని ఒక దేశం దేశమే లెక్క కట్టి చూసుకుందని. ఇంగ్లండులో 2003 జనవరిలో ప్రభుత్వమూ యాజమాన్యాలూ ఉద్యోగ సంఘాలూ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. టీచర్ల మీద భారం తగ్గించాలి, అందుకు తరగతి సహాయకులను ఎక్కువగా వాడుకోవాలి అన్నది దాని సారం. 2005 సెప్టెంబరు నుంచి టీచరుకు బోధన వేళల్లో పదో వంతు పాఠం తయారీకే విడిచిపెట్టారు. అనుభవమూ నైపుణ్యమూ ఉన్న సహాయకులకు ఉన్నత స్థాయి సహాయకులు అనే హోదా కల్పించారు. మంచి పనులే. ఆ మార్పులు జరుగుతున్న కాలంలోనే, లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ వారు, పీటర్ బ్లాచ్‌ఫర్డ్ అనే ఆచార్యుడి ఆధ్వర్యంలో, వేల మంది పిల్లల చదువును ఏళ్ల తరబడి గమనించారు. టీచర్ల ఒత్తిడి తగ్గింది, సందేహం లేదు. అయితే సహాయకుల తోడు ఎక్కువగా అందిన పిల్లలు, అదే స్థాయిలో ఉండి ఆ తోడు తక్కువగా అందిన పిల్లల కంటే చదువులో తక్కువ ముందుకు సాగారని తేలింది.

అక్కలారా, దయచేసి నొచ్చుకోకండి. తప్పు సహాయకులదని వారు అనలేదు. నేనూ అనడం లేదు. వారు చూపిన కారణాలు వింటే మన బడిని పక్క కిటికీలోంచి చూసి రాశారా అనిపిస్తుంది. వెనుకబడిన పిల్లలను టీచరు పూర్తిగా సహాయకురాలికి అప్పగించేసి, మిగతావారితో పాఠం నడుపుకుంటూ పోతారు. అంటే ఎవరికి టీచరు ఎక్కువ అవసరమో ఆ పిల్లలకే టీచరు దూరమవుతారు. ఈ రోజు పాఠం ఏమిటో, ఆ పిల్ల ఏం నేర్చుకోవాలో సహాయకురాలికి ముందుగా ఎవరూ చెప్పరు. ఆమె కూడా పిల్లలతో పాటే అప్పుడే వింటుంది. ఇక పిల్ల పక్కన కూర్చున్నాక, పని పూర్తి చేయించాలన్న తపనలో జవాబు చెప్పేస్తుంది. టీచరుకు తయారీ సమయం రాసిపెట్టిన ఆ ఒప్పందంలో, టీచరూ సహాయకురాలూ కలిసి కూర్చునే సమయం గురించి పట్టుదల లేకపోయింది. అక్కడే తాళం బిగుసుకుంది.

మరి సహాయకులు ఉండి లాభం లేదా? ఆ మాట అనడానికి వీల్లేదు. మన దేశంలోనే దానికి సాక్ష్యం ఉంది. ప్రథమ్ సంస్థ ముంబయి, వడోదర నగరాల్లో బాలసఖి అనే కార్యక్రమం నడిపింది. బాలసఖి అంటే ఆ బస్తీలోనే పుట్టి పెరిగి, హైస్కూలు చదువు పూర్తి చేసిన అమ్మాయి. రెండు వారాల శిక్షణ, నెలకు అయిదు వందల నుంచి ఏడు వందల యాభై రూపాయలు. మూడు, నాలుగు తరగతుల్లో చదవడం, లెక్కలు రాని పదిహేను ఇరవై మందిని రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టుకుని మొదటి మెట్టు నుంచి నేర్పడం ఆమె పని. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరి ఇద్దరు పరిశోధకులతో కలిసి 2001 నుంచి 2003 వరకు దీన్ని పరీక్షించి చూశారు. బెనర్జీ, డఫ్లోలకే మైఖేల్ క్రెమర్‌తో పాటు 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి, అందరికంటే వెనుకబడిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. అదే ప్రథమ్, అలాంటి వాలంటీర్లనే, తర్వాత ఉత్తరాఖండ్ ప్రభుత్వ బడుల్లో పెట్టి చూసింది. అక్కడ ఫలితం రాలేదు. ఎందుకు? బడిలో అడుగుపెట్టిన వాలంటీరును మామూలు టీచరు కొరత తీర్చడానికి వాడుకున్నారు. ఆమె కోసం అనుకున్న పని ఆమె చేతికి రానే లేదు. అదే రకం మనిషి, అదే రకం శిక్షణ, ఒక చోట పంట పండింది, ఒక చోట పండలేదు. కాబట్టి మన పిల్లలకు మేలు జరగాలంటే సహాయకురాలిని పెడితే చాలదు, ఆమె పని ఏమిటో తేల్చి, ఆ పనికి ఆమెను సిద్ధం చేసి, ఆ పనిలోనే ఆమెను ఉండనివ్వాలి. హెడ్మాస్టర్లు నన్ను మన్నించాలి, ఈ ఒక్క మాట రాసుకోవాలి: మరుగుదొడ్లు చూసే మనిషి సెలవు పెట్టిందని, ఆఫీసులో కాగితాలు పేరుకున్నాయని తరగతి సహాయకురాలిని లాగేసిన ప్రతి రోజూ, మీరు ఒక పిల్ల చదువును లాగేసినట్టే.

అంగన్‌వాడీ వారికి మరో ఉదాహరణ చెబుతాను. పక్కనున్న తమిళనాడులో నాలుగు జిల్లాల్లో 320 కేంద్రాలు తీసుకుని, అందులో సగం కేంద్రాలకు, పిల్లలకు ఆటపాటల చదువు చెప్పడానికే సగం పూట పనిచేసే మనిషిని అదనంగా ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, అలెహాండ్రో గనీమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే పరిశోధకులు దాని ఫలితం చూశారు. ఆ కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పే సమయం రెండింతలైంది. పిల్లల భాష, లెక్క మెరుగుపడ్డాయి. అంతే కాదు, పాత కార్యకర్తకు ఆరోగ్యం, ఆహారం చూసే తీరిక దొరకడంతో పిల్లల ఎదుగుదల కూడా మెరుగైంది. ఇద్దరు మనుషుల మధ్య పని సరిగా పంచితే ఇంత జరుగుతుంది.

ఇక శిక్షణలో ఏముండాలి అన్న మాటకు వస్తాను. చాలా ఉండాలని అందరూ జాబితాలు రాస్తారు. నేను ముందు ఒక్కటే కోరతాను: ఎంత సాయం చేయాలో, ఎప్పుడు ఆపాలో నేర్పండి. ఇంగ్లండు పరిశోధకులే ఆ అధ్యయనం తర్వాత దీనికి ఒక మెట్ల వరుస తయారుచేశారు. దాన్ని మన మాటల్లో చెబుతాను. పిల్లకు పని ఇచ్చాక మొదటి మెట్టు, ఊరుకోవడం. నిజంగా ఊరుకోవడం. నోరు మూసుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని, మనసులో పది లెక్కపెట్టండి. పిల్ల చూపు ఎటు పోతుందో గమనించండి. చాలామంది పిల్లలకు కావలసింది ఆ పది క్షణాలే, మనం వాటిని ఇవ్వం. రెండో మెట్టు, కదిలించడం: "తర్వాత ఏం చేయాలమ్మా?" అని అడగడం, అంతే. మూడో మెట్టు, ఆనవాలు ఇవ్వడం: "నిన్న గోడ మీది చార్టులో ఇలాంటిదే చూశాం కదా." నాలుగో మెట్టు, చేసి చూపడం, అది కూడా పిల్ల పలక మీద కాదు, మీ పలక మీద. ఆ మెట్లన్నీ అయిన తర్వాతే అయిదోది, దిద్దడం, జవాబు చెప్పడం. నేను ఆ పిల్లవాడి విషయంలో ఏం చేశాను? నేరుగా అయిదో మెట్టు మీద కూర్చుని మూడు నెలలు కిందికి దిగలేదు. మీరు చెప్పండి, నిన్న మీరు ఏ మెట్టు మీద మొదలుపెట్టారు?

ఇది వింటే సులువు, చేస్తే కష్టం. ఎందుకంటే పిల్ల తడబడుతుంటే చూస్తూ ఉండలేని మనసున్న వారే ఈ పనికి వస్తారు. పైగా పలక ఖాళీగా ఉంటే టీచరు ఏమంటారో అన్న భయం ఒకటి. అందుకే ఈ మెట్లు టీచరుకూ తెలియాలి. సహాయకురాలికి విడిగా, టీచరుకు విడిగా శిక్షణ ఇస్తే ఇది జరగదు. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకోవాలి. మొదట్లో మిమ్మల్ని పక్క పక్కన కూర్చోమన్నది అందుకే.

రెండోది, సమయం. ఎక్కువ వద్దు, రోజుకు పావుగంట. బడి విడిచాక కావచ్చు, ఉదయం ప్రార్థనకు ముందు కావచ్చు. ఆ పావుగంటలో టీచరు మూడు సంగతులు చెప్పాలి: రేపటి పాఠంలో పిల్లలకు రావలసింది ఏమిటి, ఏ పిల్లల దగ్గర కూర్చోవాలి, ఏ మాట దగ్గర వాళ్లు తడబడతారు. సహాయకురాలు తిరిగి ఒక్క సంగతి చెప్పాలి: ఈ రోజు ఎవరు ఎక్కడ ఆగిపోయారు. దీనికి డబ్బు ఖర్చు లేదు. దీనికి జీవో అక్కరలేదు. ఈ పావుగంటను టైంటేబుల్లో రాసి గోడకు అంటించండి. గోడ మీద లేనిది మన బళ్లలో జరగదు, అది మీకూ తెలుసు.

ఈ పావుగంటలో టీచరే చెప్పాలి, సహాయకురాలు వినాలి అనుకుంటే పొరపాటు. మన జిల్లా సంగతే తీసుకోండి. హొళగుంద, హాలహర్వి వైపు పిల్లలు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. కర్నూలు, ఆదోని పట్టణాల్లో ఉర్దూ ఇళ్ల పిల్లలు ఎందరో. పత్తికొండ, తుగ్గలి వైపు సుగాలి తండాలున్నాయి. ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చిన టీచరుకు ఆ భాషలు రావు, ఆయా ఆ ఊరి మనిషే. నేను పనిచేసిన ఒక చోట, తండా నుంచి వచ్చిన పిల్ల ఒకటి ఒకటో తరగతిలో ఆరు నెలలు నోరు విప్పలేదు. బుద్ధి మాంద్యమేమో అని రిజిస్టరులో రాయబోయాము. అదే తండా మనిషి అయిన ఆయా వచ్చి, "అది ఇంటికాడ మేకలన్నీ లెక్కపెట్టి దొడ్లోకి తోలుతాది మేడం, ఒక్కటి తగ్గినా పసిగడతాది" అంది. లెక్క వాళ్ల భాషలో చెప్పించి, మన మాటలు పక్కన చేర్చాము. ఆ పిల్ల మాట్లాడింది. చెప్పండి, ఆ రోజు నాకు శిక్షణ ఇచ్చింది ఎవరు?

సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం, ఆ సంగతీ అంతే. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు కుటుంబాలు పంటలు అయిపోగానే మిరప కోతలకు గుంటూరు వైపు పోతాయి. పిల్లలు కూడా పోతారు, లేదంటే సీజనల్ హాస్టలులోనో అవ్వ దగ్గరో ఉండిపోతారు. తిరిగి వచ్చిన పిల్లవాడు ఏ పాఠం దగ్గర వదిలి వెళ్లాడో, ఇప్పుడు ఎక్కడి నుంచి అందుకోవాలో చూసే పని బాలసఖి లాంటి మనిషికి సరిగ్గా సరిపోయే పని. మన పడమటి మండలాల్లో ఈ ఒక్క పనికైనా శిక్షణ పొందిన సహాయకులు ఉండాలని నేను ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాను.

శిక్షణ ఎక్కడ, ఎప్పుడు అన్నది చిన్న విషయం కాదు. బి. తాండ్రపాడులోని డైట్‌లో, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, వారం రోజులు శిక్షణ అని కాగితం వస్తే, ఆదోని అవతల ఊరి ఆయా ఎలా రాగలదు? ఇంట్లో చంటిబిడ్డ ఉంటుంది, ఛార్జీలు చేతి నుంచి పెట్టుకోవాలి, రాని రోజుకు జీతం కోత ఉంటుంది. శిక్షణ పని దినాల్లో జరగాలి, ఆ రోజులకు జీతం ఇవ్వాలి, మండల వనరుల కేంద్రంలో జరగాలి. మూడు రోజులు వరుసగా చెప్పి పంపేయడం కంటే, నెలకు ఒక రోజు చెప్పి, మిగతా నెలంతా తరగతిలో చేసి చూసి, మళ్లీ వచ్చి మాట్లాడుకోవడం మేలు. టీచర్లకు స్కూలు కాంప్లెక్సు సమావేశాలున్నాయి. అందులో సహాయకులకు కుర్చీ ఎందుకు వేయరు?

ఇప్పుడు ఎదుగుదల మాట. ఇరవై ఏళ్లు ఆయాగా చేసి, ఆయాగానే ఇంటికి పోయిన వారిని ఎందరినో చూశాను. మన రాష్ట్రంలో 2019 నుంచి అంగన్‌వాడీ కార్యకర్తకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న మెట్టు ఎక్కడానికి దారి ఉందా? ఉంది, చాలామందికి తెలియదు. 2022లో వచ్చిన సక్షం అంగన్‌వాడీ, పోషణ్ 2.0 కేంద్ర మార్గదర్శకాలు ఏమంటున్నాయంటే, కార్యకర్త పోస్టుల ఖాళీల్లో సగం, అయిదేళ్ల అనుభవం ఉన్న ఆయాలకు పదోన్నతితో ఇవ్వాలి. సూపర్‌వైజరు ఖాళీల్లో సగం, అయిదేళ్ల అనుభవం ఉన్న కార్యకర్తలకు ఇవ్వాలి. మిగతా అర్హతలు ఉండాలి. ఆ మిగతా అర్హతల్లో మొదట అడ్డుపడేది చదువు. పదో తరగతితో ఆగిపోయిన అక్కలు సార్వత్రిక విద్యాపీఠంలో ఇంటర్ కట్టండి. రోజూ తరగతికి పోనక్కరలేదు, విడతలుగా పరీక్షలు రాయవచ్చు. పదోన్నతి ఎప్పుడో వస్తుందని కూర్చోకండి, ఖాళీ పడిన రోజుకు మీ చేతిలో ఆ సర్టిఫికెట్ ఉండాలి.

2020 జాతీయ విద్యా విధానం ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివిన వారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని చెప్పింది. మంచి మాటే. అయితే ఆ వాక్యంలో ఆయా మాట లేదు. పిల్లవాడు కార్యకర్త ఒడిలో ఎంతసేపుంటాడు, ఆయా ఒడిలో ఎంతసేపుంటాడు? ఈ ప్రశ్న అడగవలసిన వారిని అడుగుతూనే ఉండాలి. ఇంటర్ పాసైన వారు ఈలోగా ఇగ్నో అనే జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో శిశు సంరక్షణ, విద్య డిప్లొమా దూరవిద్యలోనే చదువుకోవచ్చు.

టీచరు కావాలనుకునే అసిస్టెంట్లకు దారి వేరు. ఇంటర్ తర్వాత డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల టీచరు డిప్లొమా డీఎల్‌ఈడీ, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష, ఆపైన టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ప్రకటన వచ్చింది. నేను కూడా వాలంటీరు పని మానేసి, రెండేళ్లు చదివి, అదే దారిలో వచ్చాను. అయితే ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలి. నన్ను ఆ రెండేళ్లు మా నాన్న పోషించాడు. ఏడు వేల రూపాయలతో ఇల్లు నడిపే ఆమె రెండేళ్లు పని మానేసి ఎలా చదువుతుంది? ఉద్యోగం వదిలితే తప్ప దొరకని చదువు ఆమెకు తెరిచిన తలుపు ఎలా అవుతుంది?

పనిలో ఉంటూ చదివించడం సాధ్యం కాదని ఎవరైనా అంటే, 2017ను గుర్తు చేయండి. విద్యాహక్కు చట్టాన్ని ఆ ఏడాది సవరించి, శిక్షణ లేని టీచర్లంతా 2019 మార్చి 31 లోగా అర్హత పొందాలన్నారు. సార్వత్రిక పాఠశాలల జాతీయ సంస్థ ద్వారా 12 లక్షల మందికి పైగా పని చేసుకుంటూనే పద్దెనిమిది నెలల డీఎల్‌ఈడీకి చేరారు. టీచర్ల కోసం చేయగలిగినది సహాయకుల కోసం చేయలేమా? ఆ అనుభవంలోంచే ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆ పద్దెనిమిది నెలల కోర్సు రెండేళ్ల డిప్లొమాకు సమానం కాదని 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. అప్పటికే పనిలో ఉన్న టీచర్లకు తర్వాత ఊరట దొరికినా, మధ్యలో ఎందరో నలిగిపోయారు. కాబట్టి ఏ కోర్సులో చేరినా ఫీజు కట్టే ముందు అడగండి: దీనికి గుర్తింపు ఎవరిచ్చారు, దీనితో ఏ ఉద్యోగానికి అర్హత వస్తుంది, ఆ సంగతి రాసిన కాగితం చూపించండి అని. మాంటిస్సోరి పేరుతో, నర్సరీ ట్రైనింగు పేరుతో వేలకు వేలు కట్టి, చెల్లని కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఏడ్చిన ఆడపిల్లలు ఉన్నారు.

భవిత కేంద్రాల వారికి ఒక దారి స్పష్టంగా కనిపిస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో ప్రతి పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్లు ఉండాలని చెప్పింది. అంటే ఆ టీచర్ల అవసరం పెరిగేదే తప్ప తగ్గేది కాదు. రోజూ ఆ పిల్లలతో గడిపే మీకంటే ఆ పనికి తగినవారు ఎవరు? ప్రత్యేక విద్య డిప్లొమా చేయాలంటే భారత పునరావాస మండలి గుర్తింపు ఉన్న చోటే చేరండి, పూర్తయ్యాక ఆ మండలిలో పేరు నమోదు చేసుకోండి. మన టెట్‌లో ప్రత్యేక విద్య వారికి విడిగా పేపరు ఉంది.

ప్రైవేటు బడుల యాజమాన్యాల వారికి రెండు మాటలు. అసిస్టెంటుగా చేరిన అమ్మాయికి నియామక పత్రం ఇవ్వండి. అందులో ఆమె పని ఏమిటో, జీతం ఎంతో, ఎప్పటి నుంచో రాయండి. ప్రతి ఏడాది మార్చిలో అనుభవ పత్రం ఇవ్వండి. ఇరవై మంది, ఆపైన పనిచేసే చోట పీఎఫ్ కట్టడం చట్టం. మంచి అసిస్టెంటును ఎల్‌కేజీ టీచరుగా తీసుకునే ముందు కొత్తవారి కోసం ప్రకటన ఎందుకు వేస్తారు? మీ గదిలో మూడేళ్లు పిల్లలను చూసిన మనిషి కంటే, ఇరవై నిమిషాల డెమో ఇచ్చిన మనిషి మీకు ఎలా నమ్మకమవుతున్నారు?

అంగన్‌వాడీ అక్కలు ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. గుజరాత్ నుంచి వెళ్లిన కేసు అది. మీరు చేసేది సేవ, మీకిచ్చేది గౌరవ వేతనం అని చెప్పి పంపేసే రోజులకు ఆ తీర్పు ఒక అడ్డుకట్ట. మీరు పనిలో చేరిన తేదీ ఉన్న కాగితం జాగ్రత్తగా దాచుకోండి. ఆ కాగితం లేని వారు ఈ వారమే అడిగి తీసుకోండి.

నా మాట ఇంతటితో ఆపి, మిగతా సమయం మీకే ఇస్తాను. అక్కడ బల్ల మీద పలకలు, బలపాలు ఉన్నాయి. ఒక్కో జంటకు రెండు పలకలు తీసుకోండి. టీచర్లు పిల్లలుగా కూర్చోండి, ఎడమ చేత్తో మీ పేరు రాయండి. అప్పుడు మీకు బలపం ఎంత బరువో తెలుస్తుంది. సహాయకులు పక్కన కూర్చోండి. చేతులు ఒడిలో పెట్టుకోండి. నేను చెప్పేదాకా ఎవరూ ఎవరి పలకా ముట్టుకోవద్దు. ముందు ఊరుకోవడం దగ్గర మొదలుపెడదాం. పది లెక్కపెట్టండి.